కారు పెయింట్ మీది సాలెగూడు గీతలను చేత్తోనే పోగొట్టడం

నా కారు నలుపు. కొన్న మూడో ఏట ఒక మధ్యాహ్నం ఎండలో బానెట్ వైపు చూస్తే, సూర్యుడి మెరుపు చుట్టూ సాలెపురుగు గూడు అల్లినట్టు వందల కొద్దీ సన్నటి గీతలు కనిపించాయి. నీడలోకి తెస్తే ఏమీ లేవు. ఎవరో కావాలని గీశారేమో అనుకున్నాను. అవి నేను గీసినవే. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము తుడిచి బయల్దేరడం నా అలవాటు. దుమ్ములో కంటికి కనిపించని ఇసుక రేణువులుంటాయి. గుడ్డ కింద పడి అవి పెయింట్‌ను గీసుకుంటూ పోతాయి.

వీటినే స్వర్ల్ మార్క్స్ అంటారు. గుండ్రంగా కనిపిస్తాయి కానీ నిజానికి గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా పడినవే మెరుస్తాయి కాబట్టి దీపం చుట్టూ వలయంలా అనిపిస్తుంది. ఫోన్ టార్చ్ వేసి అటూ ఇటూ జరిపి చూడండి, వలయం కూడా దాంతోపాటే జరుగుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం బాగా మనసుకు పట్టించుకోవాలి. రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. కంపెనీ పెయింట్‌లో దాని మందం మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక కూడా చాలావరకు అంతకన్నా మందంగానే ఉంటుంది. ఈ గీతలు ఆ పొరలోనే ఉంటాయి. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు, దాని చుట్టూ ఉన్న పొరను అతి కొద్దిగా అరగదీసి గీత అంచులను చదును చేయడం. అరిగిన పొర మళ్లీ పెరగదు. అందుకే ఎంత తక్కువ అరుగుదలతో పని పూర్తయితే అంత మంచిది. గీత మీద వేలిగోరు పెట్టి మెల్లగా లాగండి. గోరు గీతలో చిక్కుకుంటే అది చేత్తో పోయే గీత కాదు, వదిలేయండి. మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని పెయింట్) కారైతే అసలు పాలిష్ జోలికి వెళ్లొద్దు, మచ్చలు మచ్చలుగా మెరుపు వచ్చి పాడవుతుంది.

ముందు కడగాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. కారు కడిగే గ్లవ్‌ను ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి రావాలి, అడుగున మట్టి ఎక్కువ కాబట్టి. కడిగాక పలచటి ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టి తడి బానెట్ మీద నిమిరి చూడండి. ఉత్త చేతికి తెలియని గరుకు అప్పుడు తెలుస్తుంది. గరుకుగా ఉంటే క్లే బార్ కావాలి, అంటే పెయింట్‌కు అతుక్కున్న మురికిని పట్టి లాగే మెత్తటి ముద్ద. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, ముద్దను బరువు వేయకుండా జార్చండి. మురికి పట్టగానే మడిచి కొత్త ముఖం తిప్పండి. ముద్ద నేల మీద పడిందా, ఎంత కొత్తదైనా పారేయండి. నేను కడుక్కుని వాడదామనుకుని డోర్ మీద మూడు కొత్త గీతలు తెచ్చుకున్నాను.

ఇప్పుడు అసలు పని. కారు నీడలో ఉండాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. రబ్బరు బీడింగులకు, నల్ల ప్లాస్టిక్‌కు మాస్కింగ్ టేపు వేయండి. ప్లాస్టిక్ మీద ఎండిన పాలిష్ తెల్ల మరకై ఒక పట్టాన పోదు. పదునైన అంచుల మీద కూడా టేపు వేయండి, అక్కడ పెయింట్ పలచగా ఉంటుంది.

చేత్తో వాడొచ్చని రాసి ఉన్న సన్నరకం పాలిష్‌తో మొదలుపెట్టండి. కాంపౌండ్ అనే ముతకరకం పాలిష్‌లో గరుకు ఎక్కువ, అది రెండో మెట్టు. టూత్‌పేస్ట్ రుద్దమని చాలామంది చెబుతారు, వినొద్దు. అది పళ్ల కోసం చేసింది, పెయింట్ కోసం కాదు.

బానెట్‌లో ఒక మూల, అడుగు పొడవు అడుగు వెడల్పు మేర ఎంచుకుని ముందు అక్కడ మాత్రమే చేసి చూడండి. ఈ ఒక్క ముక్క మీద పెట్టే పావుగంట మిగతా రోజంతటినీ నిర్ణయిస్తుంది. ఫోమ్ అప్లికేటర్ (పాలిష్ రుద్దే స్పాంజి ముక్క) మీద బఠాణీ గింజంత చుక్కలు మూడు చాలు. వేళ్ల కొనలతో నొక్కితే వేళ్ల వరసల్లోనే అరుగుతుంది కాబట్టి అరచేయి పరిచి పట్టుకోండి. ముందు నిలువుగా, ప్రతి వరస పక్క వరసను సగం కప్పేలా రుద్దండి. తర్వాత అడ్డంగా. గుండ్రంగా తిప్పడం నాకు ఇష్టం లేదు. ఒకవేళ కొత్త గీత పడినా, నేరుగా ఉన్నది ఒక్క వైపు నుంచే కనిపిస్తుంది, గుండ్రటిది ఎటు నిలబడినా కనిపిస్తుంది. గిన్నె తోమేంత బలం అక్కర్లేదు, కానీ చేతికి పని తెలియాలి. రెండు మూడు నిమిషాలకు పాలిష్ పలచబడి నూనె పూతలా కనిపిస్తుంది. చివరి నాలుగు వరసలు తేలికగా లాగి, ఎండకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. గుడ్డకు కుట్టిన లేబుల్‌ను ముందే కత్తిరించండి, అదీ గీస్తుంది.

తుడవగానే అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపును వెంటనే నమ్మొద్దు. చాలా పాలిష్‌లలో ఉండే నూనెలు గీతల్లో నిండి వాటిని కొన్నాళ్లు దాచేస్తాయి, నాలుగు వాష్‌లకు మళ్లీ బయటపడతాయి. ఆ నూనెలు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మూడు నాలుగు రెట్ల నీళ్లలో కలిపి ఆ ముక్కను తుడిచి, టార్చ్ వేసి చూడండి. అప్పుడు కనిపించేదే నిజం. గీతలు ఇంకా ఉంటే అదే పాలిష్‌తో రెండోసారి చేయండి. అప్పటికీ మార్పు లేకపోతే కాంపౌండ్ వాడి, దాని మసకను పోగొట్టడానికి మళ్లీ సన్నరకం పాలిష్ రుద్దండి. కొన్ని కార్ల క్లియర్ కోట్ గట్టిది, కొన్నింటిది మెత్తది. ఒకరికి రెండుసార్లకు వచ్చింది ఇంకొకరికి నాలుగుసార్లకు రావచ్చు.

నా బానెట్‌కు రెండు పూటలు పట్టింది, భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది. సన్నటి గూడంతా పోయింది. కాస్త లోతైనవి పదో పన్నెండో మిగిలాయి. మెషిన్‌తో అవి కూడా పోయేవి, కానీ వాటి కోసం పొర ఇంకా అరగదీయాలనిపించలేదు. ఒక్క రోజులో కారంతా చేద్దామని పెట్టుకోకండి. చెయ్యి అలసిపోతే ఒత్తిడి సమంగా ఉండదు, పని చెడుతుంది. వారానికి ఒక భాగం చాలు.

గీతలు పోయాక పెయింట్‌కు రక్షణ పూతగా పలచగా వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ వేయండి. అది గీతలను ఆపదు, కానీ మురికి అంతగా అంటుకోదు, తక్కువ తుడుపుతో వచ్చేస్తుంది. కారు కడిగాక పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి, రుద్దకుండా అద్ది నీళ్లు పీల్చనివ్వండి. దుమ్ము పడితే నీళ్లు కొట్టాకే చెయ్యి వేయండి. డిక్కీలో ఉండే నా పొడిగుడ్డతో ఇప్పుడు టైర్లు మాత్రమే తుడుస్తున్నాను.