వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు, కాలేజీలో చేరిన తర్వాత

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చిన రోజు నుంచే ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. మన నంబర్ వాళ్లకి ఎలా దొరికిందో తెలియదు కానీ ఏదో కాలేజీ పీఆర్వో చాలా మర్యాదగా మాట్లాడతాడు, "మీ అమ్మాయికి మా దగ్గర కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) గ్యారంటీ అండీ, వెబ్ ఆప్షన్లు కూడా మేమే పెట్టేస్తాం, పాస్‌వర్డ్, ఓటీపీ చెప్తే చాలు" అంటాడు. చెప్పకండి. వెబ్ ఆప్షన్లు అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో మీరు ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టే జాబితా. ఆ ఆప్షన్లలో మొదటి వరుస నుంచి చివరిదాకా ఎవరి కాలేజీ ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు, అలాట్‌మెంట్ వచ్చాక ఆ విడతలో మార్చుకోవడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. నెట్ సెంటర్‌లో పెట్టించుకున్నా పక్కనే కూర్చోండి, చివరికి ప్రింట్ తీసుకోండి.

ఇది ఎక్కువగా తెలంగాణ కౌన్సెలింగ్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆంధ్రాలో ఈఏపీసెట్ తేదీలు, కొన్ని నిబంధనలు వేరు, కానీ కాలేజీని చూసే పద్ధతి ఎక్కడైనా ఒకటే.

సిటీ బస్సుల వెనక, మెట్రో పిల్లర్ల మీద ఫ్లెక్సీలు చూస్తూనే ఉంటారు కదా, ఒక విద్యార్థి ఫొటో, పక్కన లక్షల ప్యాకేజీ. ఆ ఫొటోలో ఉన్న పిల్ల ఏ కాలేజీలో చేరినా దాదాపు అక్కడికే చేరేది. మీరు అడగాల్సింది ఆమె గురించి కాదు, క్లాసులో మధ్యలో ఉన్నవాళ్ల గురించి. 60 మంది సెక్షన్‌లో ముప్పయ్యో స్థానంలో ఉన్న కుర్రాడు నాలుగేళ్ల తర్వాత ఏం చేస్తున్నాడు? నా దృష్టిలో కాలేజీ ఎంపికలో దీన్ని మించిన ప్రశ్న లేదు, ఎందుకంటే మనలో ఎక్కువమందిమి ఆ మధ్యలోనే ఉంటాం.

ఇది కాలేజీ వెబ్‌సైట్‌లో దొరకదు. అక్కడ "600 ఆఫర్లు" అని ఉంటుంది, ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేస్తారు. అందుకే ఆఫర్లు ఎన్ని అని కాకుండా ఎంతమంది విద్యార్థులకు వచ్చాయి, మీ బ్రాంచిలో ఎంతమందికి, సగం మందికి పైగా తెచ్చుకున్న జీతం ఎంత అని అడగండి. లింక్డ్‌ఇన్‌లో వెతికితే ఉద్యోగం వచ్చినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు కాబట్టి ఆ బొమ్మ కాస్త అందంగానే ఉంటుంది. అంతకంటే మంచి దారి, ఫైనల్ ఇయర్ సీనియర్ ఒకరిని పట్టుకుని "నీ హాల్ టికెట్ నంబర్‌కి ముందు పదిమంది, వెనక పదిమంది ఏం చేస్తున్నారు?" అని అడగడం. మొత్తం చెప్పేస్తారు.

కాలేజీకి ఒక్కసారైనా వెళ్లండి, అడ్మిషన్ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని వచ్చేయడం కాదు, మధ్యాహ్నం లంచ్ టైమ్‌కి వెళ్లి క్యాంటీన్ దగ్గర నిలబడండి. సెకండ్ ఇయర్ పిల్లల్ని అడగండి, ఈ సెమిస్టర్‌లో ఒకే సబ్జెక్టుకి ఎంతమంది టీచర్లు మారారు అని. సాంకేతిక విద్యని నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, మంచి పనితీరు ఉన్న కాలేజీలకి ఒక్కో బ్రాంచికి ఉన్న సీట్ల పరిమితిని 2024-25 నుంచి ఎత్తేశాక చాలా కాలేజీలు కంప్యూటర్ బ్రాంచిల్లో సెక్షన్లు పెంచుకున్నాయి. పిల్లలు పెరిగినంత వేగంగా టీచర్లు దొరకరు కదా. నిబంధన ప్రకారం 20 మందికి ఒక టీచర్ ఉండాలి. వెబ్‌సైట్‌లో ఉన్న ఫ్యాకల్టీ పేర్లు చదివి వినిపించి, వీళ్లలో నిజంగా క్లాసుకి వచ్చేవాళ్లు ఎవరు అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ల్యాబ్ కిటికీలోంచి చూడండి. ఒక సిస్టమ్ ముందు ముగ్గురు కూర్చుని ఉంటే ఇద్దరు చూస్తున్నారు, ఒక్కరే చేస్తున్నారు అని అర్థం.

న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థలే. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. గేటు మీద ఎన్‌బీఏ అని ఉన్నా అది మీ బ్రాంచికి ఉందో లేదో, గడువు ఇంకా ఉందో లేదో చూసుకోండి. అటానమస్ అనేది ఆ కాలేజీ సొంతంగా సిలబస్, పరీక్షలు పెట్టుకోవచ్చు అని చెబుతుంది అంతే, బాగా చెబుతారని కాదు.

దూరం సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు, బాచుపల్లిలో కాలేజీ అయితే రోజూ మూడు గంటలు బస్సులోనే పోతాయి, సాయంత్రం ఇంటికొచ్చాక పుస్తకం తీసే ఓపిక ఎవరికుంటుంది? రెండు కాలేజీల మధ్య తేడా కొంచెమే అయితే దగ్గరున్నదే తీసుకోండి, లేదంటే హాస్టల్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు ఆప్షన్లు. పోయిన ఏడాది లాస్ట్ ర్యాంక్ పట్టిక, అంటే ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పేది, కౌన్సెలింగ్ సైట్‌లో ఉంటుంది, అందులో మీ కేటగిరీ, బాయ్స్ లేదా గర్ల్స్ కాలమ్ మాత్రమే చూడండి. మీ ర్యాంకు 28,000 అనుకోండి, 15,000 దగ్గర ఆగిన కాలేజీల నుంచి 45,000 దాకా వెళ్లినవాటి వరకు అన్నీ రాసుకుని, మీకు ఇష్టమైన వరుసలో పెట్టండి. "మనకెలాగూ రాదు, పైన పెడితే ఆప్షన్ వేస్ట్" అనే భయం అక్కర్లేదు. పై కాలేజీ రాకపోతే సిస్టమ్ కిందిదాన్ని చూస్తుంది, పైన పెట్టినందుకు కిందిది పోదు. ఆప్షన్ల సంఖ్యకి పరిమితి లేదు, కాబట్టి పది పెట్టి ఆపేయకండి. ఇంకొకటి, దీనివల్ల ప్రతి ఏడాదీ ఎంతోమంది ఏడుస్తారు: మొదటి విడతలో సీటు వచ్చాక రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే, కొత్త సీటు వచ్చిన క్షణంలో పాతది పోతుంది. అందుకే రెండో విడతలో ఇప్పుడున్న సీటు కంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టండి.

బ్రాంచి విషయంలో పెద్దవాళ్లకి ఉండే టెన్షన్ ఎక్కువ. సీఎస్ఈ, సీఎస్ఎం (ఏఐ, మెషీన్ లెర్నింగ్), సీఎస్‌డీ (డేటా సైన్స్), ఐటీ, వీటిలో చాలా సబ్జెక్టులు ఒకటే. అంతంతమాత్రం కాలేజీలో సీఎస్ఈ కంటే మంచి కాలేజీలో సీఎస్‌డీ నయం. కరెంటు, యంత్రాలు అంటే నిజంగా ఇష్టమున్న పిల్లాడిని మాత్రం ఊరందరూ వెళ్తున్నారని కంప్యూటర్స్‌కి తోయకండి.

డబ్బు దగ్గర కచ్చితంగా ఉండండి. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకి 10,000 లోపు ర్యాంకు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వమే మొత్తం ఫీజు ఇస్తుంది, దాటితే ఏడాదికి 35,000 రూపాయలు అనేది ఏళ్లుగా నడుస్తున్న లెక్క, మిగతాది మీరే కట్టాలి. కాలేజీ ఫీజు లక్ష దాటితే నాలుగేళ్లకి ఎంతవుతుందో కాగితం మీద వేసి చూసుకోండి. ఆ రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే మధ్యలో ఎవరు కట్టాలి అన్నది చేరేముందే అడగండి. మేనేజ్‌మెంట్ సీటుకి రసీదు లేకుండా డొనేషన్ అడిగితే అది చట్టవిరుద్ధం, దానికి 1983 నుంచే చట్టం ఉంది.

చేరిపోయారు. నచ్చిన కాలేజీ రాకపోయినా సరే, ఇక్కడి నుంచి చేయాల్సింది చాలా ఉంది. ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్, సీ ప్రోగ్రామింగ్ వదిలేస్తే తర్వాత మూడేళ్లు అవే వెంటపడతాయి. హాజరు 75 శాతం తగ్గనివ్వకండి, 65కి పైన ఉంటే కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు కానీ కిందికి పోతే డీటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. బ్యాక్‌లాగ్ (ఫెయిలై మిగిలిన సబ్జెక్టు) ఒక్కటి ఉన్నా క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు పరీక్షకే కూర్చోనివ్వవు, 60 శాతం కటాఫ్ పెట్టేవీ ఎక్కువే.

ప్రతి కాలేజీలోనూ, ఎంత మామూలుదైనా, బాగా చెప్పే సార్ ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లెవరో మొదటి నెలలోనే తెలుసుకుని క్లాసు అయ్యాక వెళ్లి డౌట్ అడగండి. చిన్నప్పటి నుంచీ తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ రాదని వెనక బెంచీలో దాక్కునేవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నాను, డౌట్ తెలుగులోనే అడగండి, సెమినార్ మాత్రం తప్పుల ఇంగ్లిష్‌లోనైనా లేచి ఇవ్వండి. నాలుగో ఏడాది ఇంటర్వ్యూలో మొదటిసారి నోరు తెరవడం కంటే ఇది వెయ్యి రెట్లు సులువు. క్లాసులో చెప్పింది అర్థం కాకపోతే ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఎంటెక్ ప్రవేశాలకి రాసే గేట్ పరీక్ష థర్డ్ ఇయర్‌లోనే రాయొచ్చు, ఒకసారి రాసి చూస్తే మీ చదువులో బొక్కలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుని హైదరాబాద్ అమీర్‌పేట షాపుల్లో కొనకండి. వేలకి వేలు పోసి కొన్న ఆ కోడ్ మీ బ్యాచ్‌లోనే ఇంకో టీమ్ దగ్గర కూడా ఉండొచ్చు. ఇంటర్వ్యూలో "ఇందులో డేటాబేస్ టేబుల్స్ రెండుగా ఎందుకు విడదీశారు?" అని అడిగితే సమాధానం కొన్న షాపువాడి దగ్గర ఉంటుంది, మీ దగ్గర కాదు. మీ కాలేజీ బస్ రూట్ల టైమింగ్ చూపించే చిన్న యాప్ అయినా పర్వాలేదు, మొదటి లైను నుంచి మీరే రాయండి. థర్డ్ ఇయర్ మినీ ప్రాజెక్టు నుంచే మొదలుపెడితే ఫైనల్ ఇయర్ వచ్చేసరికి దాన్నే పెంచుకోవచ్చు.