హత్య కేసులో ఉరి అడిగితే యావజ్జీవం పడిందా? బాధిత కుటుంబం ఏం చేయొచ్చు

తీర్పు రాగానే బంధువులంతా 'పైకోర్టుకు వెళ్దాం' అంటారు. కానీ శిక్ష చాల్లేదన్న ఒక్క కారణంతో బాధిత కుటుంబం అప్పీలు వేయడానికి వీల్లేదు. నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 413 సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 372) మూడు సందర్భాల్లోనే ఆ హక్కు ఇచ్చింది: నిందితుణ్ణి వదిలేస్తే, తక్కువ నేరం కింద శిక్షిస్తే, పరిహారం చాలకపోతే. శిక్ష పెంపు ఇందులోకి రాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. వకీలుకు ఫీజు కట్టకముందే ఇది అడిగి తెలుసుకోండి.

శిక్ష పెంచమని అప్పీలు వేయాల్సింది ప్రభుత్వం (418 సెక్షన్). హైకోర్టుకు గడువు 60 రోజులు. ఫైలు జిల్లా దాటడానికే చాలా రోజులు పోతాయి. అందుకే తీర్పు రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కూ కలెక్టర్‌కూ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీలో ఆవేదన ఎంత రాసినా కేసు కదలదు. సెషన్స్ జడ్జి వదిలేసిన సాక్ష్యం ఏది, తీర్పులో ఏ పేరాలో వదిలేశారో రాయండి. 1980 నాటి సుప్రీంకోర్టు బచన్ సింగ్ తీర్పు ప్రకారం యావజ్జీవమే మామూలు శిక్ష, ఉరి అత్యంత అరుదైన కేసులకే. ప్రభుత్వం కదలకపోతే హైకోర్టులో రివిజన్ (కింది కోర్టు తీర్పును సరిచూడమనే పిటిషన్) ఉంది, గడువు 90 రోజులు. ఒక చిక్కు: ప్రభుత్వం శిక్ష పెంచమని అడిగితే, అదే విచారణలో తనను వదిలేయమని నిందితుడూ వాదించుకోవచ్చు.

కేసు ఇంకా నడుస్తుంటే కోర్టు అనుమతితో సొంత వకీలును పెట్టుకోవచ్చు. ఆ వకీలు పబ్లిక్ ప్రాసిక్యూటర్ చెప్పినట్టు నడవాలి. సాక్ష్యం ముగిశాక కోర్టు ఒప్పుకుంటే రాతపూర్వక వాదన ఇవ్వొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. 15100కి ఫోన్ చేయండి. శిక్ష ఖరారు చేసేటప్పుడు హడావుడి పెట్టించకండి. నిందితుడి జైలు ప్రవర్తన, మానసిక స్థితిపై నివేదికలు తెప్పించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అవి చూడకుండా వేసిన ఉరి, ధ్రువీకరణకు వెళ్లినప్పుడు హైకోర్టులో నిలవకపోవచ్చు.

పరిహారం దారి వేరు, చాలామంది దాన్ని మర్చిపోతారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో 396 సెక్షన్ కింద దరఖాస్తు చేయాలి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ జత చేయండి. ఈ దరఖాస్తుపై విచారణను ఆ సంస్థ రెండు నెలల్లో ముగించాలి. హంతకుడు ఎవరో తేలకపోయినా ఇది వర్తిస్తుంది. చనిపోయింది మహిళ అయితే 2018 నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పథకం ప్రకారం 5 నుంచి 10 లక్షల రూపాయలు. తీర్పు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, మధ్యంతర సాయం కూడా అడగొచ్చు.