నైట్రో ట్రక్కు ఇంజిను: మన గాలికి సూది కుదర్చడం

పొద్దున్న ఏడింటికి నాగావళి ఇసుకలో దూసుకుపోయిన మీ రిమోట్ కంట్రోల్ నైట్రో ట్రక్కు, పదకొండు దాటేసరికి అదే ఇసుకలో తెల్లటి పొగ కక్కుతూ ముక్కుతూ ఉంటే ఇంజిను పాడైందని విప్పేయకండి. మారింది గాలి. ఎండ పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, సముద్రపు తేమ కూడా తోడైతే అదే ఘనపరిమాణంలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. ఇంధనం ఎంత పోవాలో కొలిచే కార్బురేటరు సూది మాత్రం పొద్దున్న పెట్టిన చోటే ఉంటుంది కనుక ఇంధనం ఎక్కువై మిశ్రమం చిక్కబడుతుంది. పుష్యమాసం చలిపొద్దున దీనికి సరిగ్గా ఉల్టా: క్రితం రోజు మధ్యాహ్నం కుదిర్చిన సూదితో నడిపితే మిశ్రమం పలచనై ఇంజిను కాలిపోతుంది. చిక్కదనంతో పోయేది వేగమే. పలచదనంతో పిస్టనే పోతుంది. అందుకే చల్లటి పూట ముందు సూదిని కొంచెం విప్పి, తర్వాతే స్టార్ట్ చేయాలి.

ఇక్కడ చెప్పేవి ట్రక్కుల్లో మామూలుగా వచ్చే .15 నుంచి .28 సైజు ఇంజిన్లకు, అంటే సుమారు 2.5 సీసీ నుంచి 4.6 సీసీ దాకా వర్తిస్తాయి. సూదులు మొదట ఎన్ని చుట్లు విప్పి ఉండాలో మీ ఇంజిను మాన్యువల్లోనే చూడండి, అది ఒక్కో కార్బురేటరుకి ఒక్కోలా ఉంటుంది.

ముందు ఇంధనం సంగతి. ఈ ఇంజినులో స్పార్కు ఉండదు. గ్లో ప్లగ్గులో ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట ఉంటుంది. మిథనాల్ ఆవిరి తగులుతున్నంతసేపూ అది ఎర్రగా రగులుతూనే ఉంటుంది. మొదట రగిలించడానికి మాత్రం 1.2 నుంచి 1.5 వోల్టుల ఇగ్నైటరు కావాలి. కాబట్టి స్కూటరుకి పోసినట్టు పెట్రోల్లో టూ టీ ఆయిల్ కలిపి పోస్తే నడవదు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిసిన ట్రక్కు ఇంధనమే పోయాలి. ఎక్కువమంది వాడేది 20 శాతం నైట్రో ఉన్నది. మిథనాల్ గాలిలోని తేమను పీల్చేస్తుంది. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో మూత వదులైన డబ్బా త్వరగా చెడుతుంది. అలాంటి ఇంధనం పోస్తే ట్యాంకు ట్యాంకుకీ ట్యూనింగ్ మారిపోతుంది, ప్లగ్గులు వరసగా పోతాయి. తప్పు సూదిదేమో అనుకుని రోజంతా తిప్పుతూ కూర్చుంటాం. మిథనాల్ విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. దాని మంట పట్టపగలు కంటికి కనపడదు. మంచినీళ్ల సీసాలో పోసి ఇంట్లో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

సూది ముట్టుకునే ముందు గాలి ఎక్కడైనా దొంగదారిన లోపలికి పోతోందేమో చూడాలి. ట్యాంకు మూత రబ్బరు, ఇంధన ట్యూబు, కార్బురేటరు అడుగున ఉండే రబ్బరు వలయం (ఓ-రింగు), ఇంజిను వెనక ప్లేటు, ఈ నాలుగే సాధారణంగా కారణం. ట్యాంకుని విప్పి, ఒకటి తప్ప ట్యూబులన్నీ మూసి, ఆ ఒకదానిలోంచి ఊదుతూ బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు చెప్పేస్తాయి. లీకు ఉన్న ఇంజిను ఏ ట్యూనింగుకీ లొంగదు.

ఐడిల్ దగ్గర, అంటే ట్రక్కు కదలకుండా ఇంజిను మెల్లగా తిరిగేటప్పుడు, కార్బురేటరు తెరుచుకునే సందు ఏటీఎం కార్డు మందం ఉంటే మొదలుపెట్టడానికి చాలు. స్టార్ట్ చేశాక మూడు నాలుగు నిమిషాలు మెల్లగా తిప్పి వేడెక్కనివ్వాలి. చల్లటి ఇంజిను మీద చేసిన ట్యూనింగ్ వేడెక్కగానే తప్పుతుంది.

ఇప్పుడు హై స్పీడ్ సూది, అంటే ఫుల్ త్రాటిల్లో ఇంధనాన్ని కొలిచేది. కుడివైపు బిగిస్తే పలచన, ఎడమవైపు విప్పితే చిక్కన. కొలత గడియారం ముల్లుతో పెట్టుకోండి: ఒకసారికి ఒక గంట, అంటే చుట్టులో పన్నెండో వంతు. అంతకు మించొద్దు. ముప్ఫై నలభై మీటర్లు తిన్నగా ఫుల్ త్రాటిల్లో పంపి చెవి పెట్టి వినండి, పొగ చూడండి. గొంతులో నీళ్లున్నట్టు గరగరలాడి, పొగ దట్టంగా వస్తే ఒక గంట బిగించండి. రెండు మూడు దఫాలు పరుగెత్తించాకే తేడా తేల్చుకోవాలి, ఎందుకంటే కొత్త మిశ్రమానికి ఇంజిను వేడి సర్దుకోవడానికి సమయం పడుతుంది. ఇలా వేగం పెరుగుతూ పెరుగుతూ ఒక చోట ఆగుతుంది. అక్కడినుంచి ఒక గంట వెనక్కి విప్పి వదిలేయండి. పరుగు పొడుగునా సన్నటి పొగ గీత కనిపిస్తూనే ఉండాలి. పొగ పూర్తిగా మాయమై, కీచుమని అరిచి, చివర్లో ఊపిరాగినట్టు తగ్గితే పలచనైంది. వెంటనే త్రాటిల్ వదిలి, రెండు మూడు గంటలు విప్పండి. ఇంకో పరుగు చూద్దాం అనే సరదా ఇక్కడ ఖరీదైనది.

తర్వాతే లో స్పీడ్ సూది, అంటే ఐడిల్ దగ్గర ఇంధనాన్ని కొలిచేది. కొన్ని కార్బురేటర్లలో దీని దాకా వచ్చే ఇంధనం ముందు హై స్పీడ్ సూది దాటుకునే వస్తుంది, అందుకే ఆ వరస తప్పకూడదు. ఇంజిను వేడిమీద ఐడిల్లో ఉండగా కార్బురేటరు పక్కనే ట్యూబుని వేళ్లతో నొక్కి పట్టండి, క్షణాలు లెక్కపెట్టండి. రెండు నుంచి నాలుగు సెకన్లలో కొంచెం వేగం పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. నొక్కీ నొక్కకముందే ఆగితే పలచన, విప్పాలి. ఐదారు సెకన్లు లాగుతూ బాగా వేగం పెరిగి ఆగితే చిక్కన, బిగించాలి. ఈ సూదిని గడియారం ముల్లు లెక్కన అర గంట కదిలించినా తేడా తెలుస్తుంది. ఫుల్ త్రాటిల్ నుంచి వదలగానే వేగం దిగకుండా పైనే వేలాడితే కూడా పలచనే, లేదా గాలి లీకు. చివరికి ఐడిల్ స్క్రూ: క్లచ్చు పట్టుకోకుండా, చక్రాలు కదలకుండా, ఆగిపోకుండా ఇంజిను తిరిగేలా పెట్టాలి.

ఉష్ణోగ్రత తుపాకీతో ప్లగ్గు పక్కన చూస్తే 105 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం మామూలు. ఆ అంకె కోసం సూది తిప్పకండి. మే నెల ఎండలో అంకె పెరుగుతుంది, అది చూసి భయంతో విప్పితే ట్రక్కు మళ్లీ ముక్కుతుంది. పొగ, చప్పుడు ముందు, అంకె తర్వాత. తుపాకీ లేకపోతే హెడ్ మీద నీటిచుక్క వేయండి. మూడు నుంచి ఐదు సెకన్లలో ఉడికి ఆవిరైతే ఫర్వాలేదు. పడీ పడకముందే చిటపటలాడి ఎగిరిపోతే ఆపేయండి.

ప్లగ్గు విప్పి చూడటం అలవాటు చేసుకోండి. తీగ తళతళలాడుతూ తడిగా ఉంటే మిశ్రమం సరిగానో కొంచెం చిక్కగానో ఉంది. బూడిదరంగుకి తిరిగి వంకరపోతే పలచన. తీగకి లోహపు రవ్వలు అంటుకుంటే బేరింగు లోపల విరుగుతోందేమో చూడాలి, ఇక నడపొద్దు.

విజయనగరం ఎర్రమట్టి, పలాస వైపు జీడితోటల దుమ్ము ఇంజినుకి అసలు శత్రువులు. ఇందులో పిస్టను రింగులు ఉండవు. క్రోమ్ పూసిన ఇత్తడి స్లీవ్ పైకి పోయేకొద్దీ సన్నబడి పిస్టనుని బిగిస్తుంది, కంప్రెషన్ అంతా ఆ బిగువే. చిటికెడు దుమ్ము లోపలికి పోతే ఆ బిగువు అరిగిపోతుంది, మళ్లీ రాదు. ఎర్రమట్టిలో నడిపితే స్పాంజి ఫిల్టరుని ఆ రోజుకి ఆ రోజే కడగాలి: గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ వేసి రంగు అంతటా సమంగా పాకేదాకా పిసకాలి. నూనె లేని ఫిల్టరు జల్లెడతో సమానం. ఫిల్టరు మెడ చుట్టూ చిటికెడు గ్రీజు రాసి జిప్ టై బిగించండి. చింతపల్లి బీచ్ లాంటి చోట్ల తడి ఇసుక, ఉప్పునీరు బేరింగులకి అంతకన్నా చేటు.

కొత్త ఇంజిను స్టార్ట్ చేసే తాడు లాగితే పిస్టను పైన బిగుసుకుందని చాలామంది కంగారుపడతారు. చల్లగా ఉన్నప్పుడు అది అలాగే ఉండాలి. హెయిర్ డ్రయరుతో హెడ్ వేడిచేసి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు మీద భారం తగ్గుతుంది. మొదటి నాలుగైదు ట్యాంకులు చిక్కటి మిశ్రమంతో, మధ్యమధ్య చల్లారనిస్తూ నడపండి. తాడు మధ్యలోనే ఇరుక్కుపోతే లోపల ఇంధనం నిండింది. బలంగా లాగితే రాడ్డు వంగుతుంది. ప్లగ్గు తీసి, రంధ్రం మీద గుడ్డ పెట్టి, నాలుగైదుసార్లు లాగితే ఇంధనం చిమ్మేస్తుంది.

ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇగ్నైటరు పెట్టి మిగిలిన ఇంధనం అయిపోయి ఆగేదాకా ఐడిల్లో తిప్పండి. లోపల మిగిలిన మిథనాల్ తేమను పట్టి రాత్రికే బేరింగులకి తుప్పు మొదలుపెడుతుంది. ఇంజిను వేడిగా ఉండగానే ప్లగ్గు తీసి, ప్లగ్గు రంధ్రంలో ఐదారు చుక్కలు, కార్బురేటరులో ఐదారు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ (ఆట అయ్యాక తుప్పు పట్టకుండా వేసే నూనె) వేసి ఆరేడుసార్లు తాడు లాగండి. ప్లగ్గు బిగించి, ఫ్లైవీల్ తిప్పి పిస్టనుని అట్టడుగుకి దించండి. పైన వదిలితే చల్లారేటప్పుడు ఇత్తడి ముడుచుకుని పట్టేస్తుంది, మర్నాడు తాడు కదలదు. పిస్టను అడుగున ఉన్నప్పుడు ఫ్లైవీల్ మీద మార్కరుతో ఒక గీత గీసి పెట్టుకుంటే ప్రతిసారీ ప్లగ్గు రంధ్రంలోకి తొంగి చూడక్కర్లేదు.