దగ్గితే తల వెనక పోటు: కారణం తేల్చుకోవడం ఎలా?

సమస్య: దగ్గినా, తుమ్మినా, గ్యాస్ బండ ఎత్తినా మెడ మొదట్లో ఒక్కసారిగా పోటు లేస్తుంది. కాసేపటికి తగ్గిపోతుంది. వైజాగ్ ఉక్కపోతకు సైనస్ పట్టేసిందనుకుని ఆవిరి పడుతూ నెలలు గడిపేస్తాం. దగ్గిన క్షణంలోనే, అదీ తల వెనకే నొప్పి పుడుతుంటే ఆవిరితో సరిపెట్టుకోకండి.

కారణం: దగ్గినప్పుడు ఛాతీలో, పొట్టలో పెరిగే ఒత్తిడి సిరల ద్వారా తలకూ వెన్నుకూ చేరుతుంది. మెదడు చుట్టూ ఉండే ద్రవం (సీఎస్‌ఎఫ్, పెద్దవాళ్లలో సుమారు 150 మి.లీ.) పుర్రె అడుగున ఉన్న రంధ్రం గుండా కిందికీ పైకీ ఆడుతుండాలి. చిన్నమెదడు అడుగుభాగం ఆ రంధ్రంలోకి జారితే దారి ఇరుకైపోతుంది. ఇదే కియారి మాల్‌ఫార్మేషన్. సాధారణంగా 5 మి.మీ., అంతకు మించి జారితే ఆ పేరు పెడతారు. ఏ లోపమూ లేకుండా వచ్చే దగ్గు తలనొప్పీ ఉంది, ఎక్కువగా 40 దాటినవాళ్లలో.

మామూలు ఎంఆర్‌ఐ ఎంత జారిందో చెబుతుంది, ద్రవం ఆడుతోందో లేదో చెప్పదు. మిల్లీమీటర్ల లెక్క ఒక్కటే చూసి హడలిపోవడం, లేదా ధీమాగా ఉండిపోవడం రెండూ తప్పే. అందుకే సీఎస్‌ఎఫ్ ఫ్లో స్టడీ (ఆ ద్రవం కదలికను చూపే ఎంఆర్‌ఐ) గురించి న్యూరాలజిస్టును అడగండి, అవసరమంటే చీటీలో రాయించుకోండి. వేలికి క్లిప్పో, ఛాతీకి ఈసీజీ తీగలో పెట్టి గుండె లయకు తగ్గట్టు బొమ్మలు తీస్తారు. ద్రవం ఒకవైపు పోతే తెల్లగా, ఎదురుగా వస్తే నల్లగా కనిపిస్తుంది. రంధ్రం వెనక భాగం ఎప్పుడూ బూడిదరంగులోనే ఉండిపోతే అక్కడ కదలిక లేదని అర్థం. ఈ పరీక్షకు ఇంజెక్షన్ అక్కర్లేదు. మధ్యలో దగ్గితే బొమ్మ చెడుతుంది కాబట్టి దగ్గుందని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి. వైజాగ్ కేజీహెచ్ ఆసుపత్రి పరిసరాల్లోని స్కాన్ సెంటర్‌కు వెళ్లేముందు ఫోన్ చేసి, ఫ్లో స్టడీ చేస్తారా అని కనుక్కోండి.

పరిష్కారం: ముందు దగ్గు తగ్గాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలు కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి, డాక్టరును అడిగి మార్పించుకోండి. ఏ లోపమూ లేదని తేలితే ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు చాలామందికి పనిచేస్తుంది. కడుపుకూ కిడ్నీకీ ఇబ్బంది చేయగలదు కాబట్టి సొంతంగా వాడొద్దు. ప్రవాహం ఆగి, బాధ ఎక్కువగా ఉన్నా, వెన్నుపాములో నీటి గది ఏర్పడినా న్యూరోసర్జన్ పుర్రె వెనక కొంత ఎముక తీసి దారి వెడల్పు చేస్తారు.

చేతులు తిమ్మిరెక్కడం, మింగలేకపోవడం, నడకలో తూలడం ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి. పిడుగు పడ్డట్టు నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.