నెట్‌వర్క్ ఆసుపత్రిని వెతికి నిర్ధారించుకోవడం: కర్నూలు, అనంతపురం, కడప పాలసీదారులకు

ఆరోగ్య బీమా పాలసీ అమ్మేటప్పుడు దేశమంతటా వేల సంఖ్యలో, కంపెనీతో ఒప్పందమున్న నెట్‌వర్క్ ఆసుపత్రులు ఉన్నాయని ఏజెంటు చెప్పే మాట నిజమే కావచ్చు గానీ, ఆదోనిలోనో గుంతకల్లులోనో ప్రొద్దుటూరులోనో కాపురమున్న కుటుంబానికి ఆ సంఖ్యతో పెద్దగా పని లేదు. ఇంటి నుంచి గంటా గంటన్నరలో చేరుకోగల ఆసుపత్రుల్లో ఏవి ఆ పాలసీ మీద నగదు రహిత (క్యాష్‌లెస్) చికిత్స, అంటే బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే చికిత్స, ఇస్తాయి, వాటిలో గుండెకు ఏది, ప్రసవానికి ఏది, విరిగిన ఎముకకు ఏది అన్నది తేల్చుకోవాలి. జాబితాలో పేరు ఉండటం వేరు, ఆ రోజున ఆ జబ్బుకు ఆ ఆసుపత్రి మీ కార్డును అంగీకరించడం వేరు. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది అడ్మిషన్ కౌంటరు దగ్గర నిలబడి అప్పుకోసం బంధువులకు ఫోన్లు చేయవలసి వస్తోంది. అందుచేత ఈ వెతుకులాటను ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే పూర్తి చేసుకోవడం మంచిది.

ముందుగా మీ కార్డును తీసి చూడండి. చాలా కార్డుల మీద బీమా కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో, క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ, అంటే టీపీఏ, పేరు కింద చిన్న అక్షరాలతో ఉంటుంది. కొన్ని కంపెనీలు టీపీఏ లేకుండా క్లెయిములను తామే చూసుకుంటాయి. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా వంటి ప్రభుత్వ రంగ కంపెనీల పాలసీల్లో మాత్రం టీపీఏ ఉండటం పరిపాటి. కార్డు మీద టీపీఏ పేరు ఉంటే కంపెనీ వెబ్‌సైటులోని జాబితాతో పాటు టీపీఏ వెబ్‌సైటులోని జాబితాను కూడా చూడాలి, ఎందుకంటే రెండూ అన్నివేళలా ఒకేలా ఉండవు. ఉద్యోగం చేసే సంస్థ ఇచ్చిన గ్రూప్ పాలసీ, సొంతంగా కొనుక్కున్న ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే పాలసీ) రెండూ ఒకే కంపెనీవైనా, ఒకదానికి వర్తించే ఆసుపత్రి మరొకదానికి వర్తించకపోవచ్చు. కొన్ని తక్కువ ప్రీమియం పాలసీలకు కుదించిన జాబితా ప్రత్యేకంగా ఉంటుంది. కాబట్టి వెతికేటప్పుడు కంపెనీ పేరుతో సరిపెట్టుకోకుండా పాలసీ పేరును కూడా ఎంచుకోవాలి.

వెబ్‌సైటులో ఊరి పేరు కొట్టి వెతికేటప్పుడు మన జిల్లాలవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అనంతపురం పేరును ఇంగ్లిషులో చివర యూ పెట్టి, పెట్టకుండా, మధ్యలో హెచ్ చేర్చి, చేర్చకుండా నాలుగైదు విధాలుగా రాస్తారు. ఒక స్పెల్లింగుకు దొరకని ఆసుపత్రి మరొక స్పెల్లింగుకు దొరుకుతుంది. కడప కొన్ని జాబితాల్లో కే అక్షరం కిందా, కొన్నింటిలో సీతో మొదలయ్యే పాత స్పెల్లింగు కిందా, మరికొన్నింటిలో వైఎస్సార్ జిల్లా కిందా కనిపిస్తుంది. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయిన తరువాత నంద్యాల, ఆళ్లగడ్డ ఊళ్లు నంద్యాల జిల్లాలోకి, హిందూపురం, ధర్మవరం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. ఈ మార్పును కొన్ని కంపెనీలు తమ జాబితాలో ఎక్కించుకున్నాయి, కొన్ని ఎక్కించుకోలేదు. హిందూపురంలో ఒక్క ఆసుపత్రి కూడా లేదని తేల్చుకునే ముందు పాత అనంతపురం జిల్లా కింద కూడా ఒకసారి చూడటం అవసరం. ఈ తంటా లేకుండా ఉండాలంటే పిన్‌కోడుతో వెతకడం మేలు. కర్నూలుకు 518001, అనంతపురానికి 515001, కడపకు 516001 వేసి, ఆ తరువాత పక్క పిన్‌కోడులను కూడా ఒక్కొక్కటిగా వేసి చూడండి.

దొరికిన పేర్లను కాగితం మీద రాసుకునేటప్పుడు ఆసుపత్రి పేరుతో పాటు వీధి పేరు కూడా రాసుకోండి. ఒకే దేవుడి పేరుతో మూడు నర్సింగ్ హోములు ఉండటం మన ఊళ్లలో వింత కాదు. అనుమానం వస్తే రోహిణి నంబరు ఉపయోగపడుతుంది. బీమా సంస్థలతో లావాదేవీలు జరిపే ఆసుపత్రులను గుర్తించడానికి హైదరాబాదులోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో నిర్వహించే నమోదు పేరు రోహిణి; అందులో ప్రతి ఆసుపత్రికీ 13 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అయితే రోహిణిలో నమోదైనంత మాత్రాన ఆ ఆసుపత్రి మీ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కాదు. ఫలానా పేరుగల ఆసుపత్రి ఇదేనా, వేరొకటా అని నిర్ధారించుకోవడం వరకే దాని ప్రయోజనం.

ఇదే సందర్భంలో మరొక జాబితాను కూడా చూడాలి. దాన్ని ఎవరూ చూపించరు. మోసపూరిత బిల్లుల వంటి కారణాలతో తాము పక్కన పెట్టిన ఆసుపత్రుల పేర్లను బీమా కంపెనీలు వెబ్‌సైటులో వేరుగా ఉంచుతాయి. అటువంటి ఆసుపత్రిలో చేరితే నగదు రహిత సదుపాయమే కాదు, ప్రాణాపాయం, ప్రమాదం వంటి అత్యవసర పరిస్థితుల్లో తప్ప, తరువాత డబ్బు వాపసు రావడం కూడా కష్టమే. నా దృష్టిలో నెట్‌వర్క్ జాబితా కన్నా ముందు చదవవలసినది ఇదే.

ఆసుపత్రికి వెళ్లి అడగవలసినవి

కాగితం మీద మూడు నాలుగు పేర్లు మిగిలాక ఆసుపత్రికి వెళ్లి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర అడగాలి. రిసెప్షనులో అడిగితే సాధారణంగా వచ్చే జవాబు, "అన్ని ఇన్సూరెన్సులూ తీసుకుంటామండీ" అన్నదే. ఆ మాటకు విలువ లేదు, ఎందుకంటే ముందు డబ్బు కట్టించుకుని, వాపసు క్లెయిము కోసం కాగితాలు ఇవ్వడాన్ని కూడా చాలాచోట్ల "తీసుకోవడం" అనే అంటారు. బిల్లింగ్ కౌంటరు పక్కన గోడకు అంటించిన కంపెనీల పట్టీని చూడండి: లామినేషన్ చేసిన కాగితం మీద కొన్ని పేర్లకు పెన్నుతో అడ్డగీతలు, కింద చేత్తో రాసిన కొత్త పేర్లు కనబడతాయి. వెబ్‌సైటు చెప్పేదానికన్నా ఆ అడ్డగీతలు చెప్పేదే తాజా సమాచారం. ఆసుపత్రికీ కంపెనీకీ మధ్య ఒప్పందం గడువు తీరిపోవడం, రేట్ల దగ్గర పేచీ వచ్చి ఆగిపోవడం, బకాయిలు రాక ఆసుపత్రే నిలిపివేయడం తరచుగా జరిగేవే, వెబ్‌సైటులో మాత్రం పేరు అలాగే ఉండిపోతుంది.

డెస్కులో కూర్చున్నవారికి కార్డు చూపించి, "ఈ పాలసీ మీద ఇక్కడ క్యాష్‌లెస్ ఇప్పుడు నడుస్తోందా, ఈ నెలలో ఎవరికైనా అప్రూవల్ వచ్చిందా?" అని అడగండి. రెండో ప్రశ్న ముఖ్యమైనది. ఒప్పందం ఉండి కూడా అప్రూవల్ రాని చోట్లు దానితో బయటపడతాయి. ఆ తరువాత మీకు కావలసిన విభాగం పేరు చెప్పి, ఆ వైద్యుడు ఆసుపత్రి వైద్యుడేనా, లేక వారానికి రెండు రోజులు కర్నూలుకో కడపకో బయటి ఊరు నుంచి వచ్చి చూసిపోయేవారా అని తెలుసుకోండి. వచ్చిపోయే వైద్యుల ఫీజును కొన్ని ఆసుపత్రులు ప్యాకేజీలో కలపకుండా విడిగా నగదు రూపంలో అడుగుతాయి. అడ్వాన్సు ఎంత కట్టాలి, అప్రూవల్ వచ్చాక దాన్ని ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి.

గది అద్దె విషయంలో చాలామంది నష్టపోతున్నారు. పాలసీలో రోజుకు 3,000 రూపాయల గది వరకే అనుమతి ఉండి మీరు 6,000 రూపాయల గదిలో చేరితే, తేడా మూడు వేలు మాత్రమే కడితే సరిపోతుందనుకోవడం పొరపాటు. అనేక పాలసీల్లో వైద్యుల ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటరు చార్జీల వంటి అనుబంధ ఖర్చులన్నింటినీ అదే దామాషాలో, అంటే ఇక్కడ సగానికి, తగ్గిస్తారు. అందువల్ల మీ పరిమితి లోపల ఆ ఆసుపత్రిలో ఏ తరగతి గది వస్తుందో అడిగి, ఆ ఆసుపత్రి పేరు ఎదురుగా రాసి పెట్టుకోండి.

డెస్కులో విన్నదాన్ని కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకో ఈమెయిలుకో పంపి నిర్ధారించుకోవడం చివరి మెట్టు. నోటిమాట కన్నా ఈమెయిలు జవాబు మేలు, రేపు పేచీ వస్తే అది చేతిలో ఉంటుంది.

చిన్న క్లినిక్కుల గురించి కూడా ఒక మాట. బయటి రోగిగా చూపించుకుని మందులు రాయించుకునే ఖర్చు, విడిగా ఓపీ సదుపాయం కొనుక్కుంటే తప్ప, మామూలు పాలసీల్లో రాదు. కంటిశుక్లం ఆపరేషను, డయాలసిస్ వంటివి మాత్రం 24 గంటలు చేరి ఉండకపోయినా డే కేర్ చికిత్సల కింద వస్తాయి కాబట్టి, కంటి ఆసుపత్రుల్లోనూ డయాలసిస్ కేంద్రాల్లోనూ ఏవి నెట్‌వర్క్‌లో ఉన్నాయో చూసి పెట్టుకోవచ్చు. రోగిని చేర్చుకునే నర్సింగ్ హోము విషయంలో బీమా నిబంధనల ప్రకారం, అది చట్టం కింద ఆసుపత్రిగా నమోదై ఉండాలి, లేకుంటే పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణంలో కనీసం 10 పడకలు, రాత్రింబవళ్లు వైద్యుడు, నర్సులు ఉండాలి. మన మూడు నగరాలూ ఈ కోవలోకే వస్తాయి. నమోదు లేని ఆరు పడకల నర్సింగ్ హోములో చేరి తరువాత క్లెయిము పెడితే దాన్ని ఆసుపత్రిగానే లెక్కించరు.

ప్రభుత్వ పథకాల జాబితా వేరు

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదట ఆరంభమైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పేర్లు మారుతూ అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ఇక్కడ ఆసుపత్రిని మొత్తంగా కాకుండా విభాగాల వారీగా ప్యానెల్‌లో చేర్చుకుంటారు. ఎముకల చికిత్సకు అనుమతి ఉన్న ఆసుపత్రికి గుండె చికిత్సకు అనుమతి ఉండకపోవచ్చు. కాబట్టి "వైద్య సేవ ఉందా" అని అడగకుండా, "ఈ జబ్బుకు వైద్య సేవ ఉందా" అని అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర. ఇంటి నుంచైతే 104 నంబరుకు ఫోను చేయవచ్చు. ప్రభుత్వ బకాయిల కారణంగా ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలను తాత్కాలికంగా ఆపిన సందర్భాలు ఇటీవలి సంవత్సరాల్లో ఒకటికి మించి ఉన్నాయి గనుక, బయలుదేరే రోజు ఉదయం మరొకసారి అడగడంలో తప్పు లేదు. ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు ఉద్యోగుల ఆరోగ్య పథకం జాబితాను విడిగా చూసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవారికి, 70 ఏళ్లు దాటి వయ వందన కార్డు తీసుకున్నవారికి 14555 నంబరు ఉంది. పుట్టపర్తిలోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో చికిత్సకు రుసుమే తీసుకోరు కాబట్టి అక్కడ నెట్‌వర్క్ ప్రశ్న రాదు.

పెద్ద జబ్బు వస్తే అనంతపురం వారు బెంగళూరుకు, కర్నూలు వారు హైదరాబాదుకు, కడప వారు తిరుపతికో వేలూరుకో చెన్నైకో వెళ్లడం మనకు అలవాటు. అందువల్ల జాబితా సొంత ఊరితో ఆగకూడదు; మీరు వెళ్లే అవకాశం ఉన్న నగరంలో రెండు ఆసుపత్రులనైనా ఇదే పద్ధతిలో చూసి పెట్టుకోవాలి. కొన్ని పాలసీల్లో ఊళ్లను జోన్లుగా విభజిస్తారు. చిన్న పట్టణం జోన్ ప్రీమియం కట్టి మహానగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మీరే భరించాలన్న షరతు అందులో ఉంటుంది. పాలసీ పత్రంలో కో-పేమెంట్ అన్న శీర్షిక కింద ఆ సంగతి రాసి ఉంటుంది.

నెట్‌వర్క్‌లో లేని చోట చేరవలసి వస్తే

అత్యవసర సమయంలో జాబితా వెతుకుతూ కూర్చోకూడదు. 108కు ఫోను చేసి దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, మిగతావి తరువాత. 2024 జనవరిలో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ ప్రవేశపెట్టిన విధానం ప్రకారం నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో కూడా నగదు రహిత చికిత్స కోరవచ్చు. ముందుగా నిర్ణయించుకున్న చికిత్సకైతే చేరడానికి 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల లోపు కంపెనీకి తెలియజేయాలి. కంపెనీతో పాటు ఆసుపత్రి కూడా ఒప్పుకుంటేనే ఇది సాగుతుంది. చిన్న పట్టణాల ఆసుపత్రులు ఒప్పుకోని సందర్భాలే ఎక్కువ కాబట్టి దీన్ని రెండో దారిగానే ఉంచుకోవాలి. రోడ్డు ప్రమాద బాధితులకు 2025 మే నెలలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు, గుర్తించిన ఆసుపత్రుల్లో నగదు రహిత చికిత్స ఉంటుంది.

క్యాష్‌లెస్ నిరాకరించారంటే క్లెయిము తిరస్కరించారని అర్థం కాదు. డబ్బు కట్టి చికిత్స చేయించుకుని, డిశ్చార్జి సమ్మరీ, విడివిడి పద్దులున్న బిల్లు, చెల్లించిన రసీదులు, పరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ అసలు ప్రతులతో సేకరించి, పాలసీలో చెప్పిన గడువులోగా వాపసుకు దరఖాస్తు చేయవచ్చు. రసీదు లేకుండా నగదు కట్టిన మొత్తానికి ఎక్కడా దిక్కు లేదు.

నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరిన తరువాత ఆలస్యం జరిగితే, 2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఉత్తర్వును గుర్తు చేయండి. క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జి బిల్లు అందిన మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం కంపెనీదే. ముందుగా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, జవాబు సరిగా లేకపోతే నియంత్రణ సంస్థ వారి 155255 నంబరుకో బీమా భరోసా వెబ్‌సైటుకో ఫిర్యాదు చేయవచ్చు. నెల రోజులు గడిచినా పరిష్కారం రాకపోతే హైదరాబాదులోని, పాలసీదారుల వివాదాలను పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం మన జిల్లాల ఫిర్యాదులను స్వీకరిస్తుంది. 50 లక్షల రూపాయల వరకు విలువ గల వివాదాలను అక్కడ వింటారు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు, కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోగా దరఖాస్తు చేస్తే చాలు.