చిన్న విమానానికి రంగు వేయించాలంటే తోక దగ్గర మొదలుపెట్టండి

రంగు మార్పించుకోవాలని వచ్చే యజమానులు దాదాపు అందరూ ముందు ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు. ముక్కు నుంచి తోక దాకా దూసుకుపోయే మూడు చారలు, రడ్డర్ (నిలువు తోక వెనక ఊగే పలక) మీద ఒక మెరుపు. ఫొటో బాగానే ఉంటుంది. కానీ నేను అడిగేది వేరే: మీ విమానం మెయింటెనెన్స్ మాన్యువల్‌లో కంట్రోల్ సర్ఫేస్‌ల బ్యాలెన్స్ గురించి రాసిన పేజీ తెచ్చారా?

రెక్కల వెనక ఐలెరాన్‌లు, అడ్డ తోక వెనక ఎలివేటర్, నిలువు తోక వెనక రడ్డర్, ఇవే కంట్రోల్ సర్ఫేస్‌లు: విమానాన్ని తిప్పడానికి హింజ్ (కీలు) మీద ఊగే పలకలు. హింజ్‌కి వెనక ఉన్న భాగం పెద్దది కాబట్టి, రంగు వేసిన ప్రతిసారీ బరువు ఎక్కువగా వెనక్కే చేరుతుంది. అది హద్దు దాటితే, ఒక వేగం దగ్గర ఆ పలక దానంతట అదే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. దీన్నే ఫ్లట్టర్ అంటారు. పైలట్ తేరుకుని వేగం తగ్గించేలోపే తోక విరిగిపోవచ్చు. అందుకే రంగు వేశాక ఈ పలకల్ని విడిగా తూచి, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లో ఉన్నాయో లేదో చూసి, లైసెన్స్ ఉన్న మెకానిక్ సంతకం పెట్టాకే విమానం ఎగరాలి. వి-ఆకారపు తోక ఉన్న బొనాంజా లాంటి చిన్న విమానాల్లో ఈ హద్దులు మరీ ఇరుకు. వాటి తోక పలకలు పల్చటి మెగ్నీషియం రేకుతో చేసినవి.

కాబట్టి డిజైన్‌కి నా మొదటి షరతు: చారలు హింజ్ దగ్గర ఆగిపోవాలి. రడ్డర్ మీద చార వెళ్లాలంటే అడుగు రంగు, దాని మీద చార రంగు, కొందరికైతే ఆ పైన క్లియర్ కోట్ (రంగు లేని మెరుపు పొర) కూడా కావాలి. అంత బరువూ పడకూడని చోటే పడుతుంది. చార ఫిన్ (నిలువు తోకలో కదలని భాగం) మీదే తెగిపోతే బాగుండదంటారా? పైపర్ జె-3 కబ్ చూడండి. ఒళ్లంతా పసుపు, అలంకారమంతా బాడీ పక్కన ఒక్క నల్ల మెరుపు గీత. ఇన్నేళ్లయినా దాన్ని చూసి బాగోలేదన్న మనిషి నాకు తగల్లేదు.

పాత రంగు మీదే కొత్తది కొట్టేయమని అడిగేవాళ్లూ ఉంటారు. బాడీకైతే పాత పొర గట్టిగా పట్టుకుని ఉంటే రుద్ది వేయొచ్చు. కంట్రోల్ సర్ఫేస్‌లకు మాత్రం నేను ఒప్పుకోను. పాతది పూర్తిగా తీశాకే కొత్తది.

ఇక రంగు. మీది ఫైబర్‌గ్లాస్ లేదా కార్బన్ కాంపోజిట్ విమానమైతే ఎంపిక సగం అయిపోయినట్టే: పైభాగాలు తెలుపు, లేదా తయారీదారు ఒప్పుకున్న లేత రంగు. మంచి ఎండలో నిలబెట్టిన నల్ల రెక్క పైభాగం 90 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వేడెక్కగలదు. ఈ విమానాల్లో పీచును అతికి ఉంచే జిగురు ఎపాక్సీ; గది ఉష్ణోగ్రతలో గట్టిపడే చాలా ఎపాక్సీలు అంతకంటే ముందే మెత్తబడటం మొదలుపెడతాయి. గ్లైడర్లు దాదాపు అన్నీ తెల్లగా ఉండేది అందుకే. ముదురు నీలం మీద అంత మోజుంటే సన్నటి చారకో, బాడీ కింది భాగానికో పెట్టుకోండి, అదీ మాన్యువల్ ఒప్పుకుంటేనే.

అల్యూమినియం విమానానికి ఈ బాధ లేదు, వేరే చిక్కులున్నాయి. ఎరుపు ఎండకు త్వరగా వెలిసిపోతుంది. పసుపు, ఎరుపు రెండింటికీ కింది రంగును కప్పే శక్తి తక్కువ. అడుగున తెలుపు లేకుండా వేస్తే కోటు మీద కోటు వేస్తూనే ఉండాలి, బరువు పెరుగుతూనే ఉంటుంది. మెటాలిక్ రంగులు కొత్తలో కళ్లు చెదిరేలా ఉంటాయి. రెక్క అంచున చిన్న గీత పడి అతుకు వేయించాలన్న రోజున తల ప్రాణం తోకకొస్తుంది, ఆ మెరుపు మళ్లీ కలవదు.

ఆకాశంలో ఇంకో పైలట్‌కి మీరు కనబడటం కూడా డిజైన్‌లో భాగమే. తెల్లటి మబ్బు ముందు తెల్ల విమానం కనబడదు. బ్రిటన్ వాయుసేన ప్రయోగాలు చేసి చూసుకుని, 1990ల నుంచి తన శిక్షణ విమానాలకు నిగనిగలాడే నలుపు వేసింది. ఒళ్లంతా నలుపు అక్కర్లేదు. లోహపు విమానమైతే రెక్కల చివర్లకు, రెక్కల అడుగుకు ముదురు రంగు పెడితే మంచి తేడా కనబడుతుంది. ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగు) అడుగు మాత్రం లేత రంగే ఉంచమంటాను. మసి కనబడుతుందని యజమానులు మొహం ముడుచుకుంటారు, కానీ ఆయిల్ ఎక్కడ కారుతోందో తెలియాలంటే అది కనబడాలి. కౌలింగ్ పైన, విండ్‌షీల్డ్ ముందు భాగానికి మెరుపు లేని ముదురు రంగు వేస్తే ఎండ కంట్లో కొట్టదు.

కాగితం మీద తిన్నగా ఉన్న గీత విమానం మీద తిన్నగా ఉండదు. బాడీ తోక వైపు సన్నబడుతూ, గుండ్రంగా తిరుగుతూ పోతుంది. పక్కనుంచి చూస్తే సరిగ్గా ఉన్న చార, ముందు నుంచి చూస్తే తోక దగ్గర వేలాడిపోయినట్టు ఉంటుంది. అందుకని విమానాన్ని జాకీల మీద లెవెల్ చేసి, లేజర్ గీత ఆధారంగా సన్నటి ఫైన్‌లైన్ టేప్ వేసి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి, నాలుగు వైపుల నుంచీ చూడాలి. నచ్చకపోతే పీకి మళ్లీ వేయాలి. ఈ పని నేను ఒక రోజులో పూర్తి చేయాలనుకోను. మర్నాడు పొద్దున చూస్తే ముందురోజు కనబడని వంకర కనబడుతుంది.

రిజిస్ట్రేషన్ అక్షరాలకు చోటు ముందే వదలండి. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనుబంధం 7 ప్రకారం బాడీ మీద, నిలువు తోక మీద అక్షరం ఎత్తు కనీసం 30 సెంటీమీటర్లు, రెక్క మీద 50. వెడల్పు ఎత్తులో మూడింట రెండు వంతులు, గీత మందం ఆరో వంతు. వంకర టింకర అలంకారాలు కుదరవు, వెనక రంగుతో స్పష్టంగా తేడా ఉండాలి. మీ దేశపు నియమం దీనికి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, అది చూసుకోండి. డిజైన్ అంతా అయ్యాక అక్షరాలు ఎక్కడ ఇరికించాలా అని వెతికితే మీ చారలే బలి.

ఇక చేతిపని. పాత రంగు తీసే స్ట్రిప్పర్ అల్యూమినియానికి సరే, ఫైబర్‌గ్లాస్‌ని మాత్రం తినేస్తుంది. లోహపు విమానంలో కూడా రెక్క చివర్లు, కౌలింగ్ ఫైబర్‌గ్లాస్‌వే అయి ఉండొచ్చు, అలాంటివాటిని చేత్తో రుద్దాల్సిందే. కిటికీలు యాక్రిలిక్, థిన్నర్ ఆవిరి తగిలినా సన్నటి పగుళ్లు వస్తాయి. వాటిని అల్యూమినియం ఫాయిల్, టేప్‌తో రెండు పొరలుగా మూసేయండి. రేకు మీద స్టీల్ వూల్ వాడొద్దు. అందులోంచి ఊడిన ఇనుప నలుసులు అల్యూమినియంలో ఇరుక్కుని అక్కడే తుప్పు మొదలవుతుంది. పెన్సిల్‌తో గుర్తులు పెట్టొద్దు, గ్రాఫైట్ కూడా అదే చేస్తుంది. మాస్కింగ్ టేప్‌ని విమానం మీదే బ్లేడుతో కోయడం మరీ ఘోరం. ఆ సన్నటి గీటే రేపు పగులుకు మొదలు.

స్ట్రిప్పర్ వేశాక అసలు పని కడగడమే. రేకుల అతుకుల్లో, రివెట్ తలల చుట్టూ మిగిలిపోయిన మందు కొన్ని వారాల తర్వాత బయటికి ఊరి, కొత్త రంగును బుడగలుగా లేపుతుంది. నేను అతుకు వెంట నీళ్లు కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ కొడతాను. రేకు శుభ్రమైందా లేదా అన్నది నీళ్లే చెబుతాయి. శుభ్రమైన రేకు మీద నీళ్లు ఒకే పల్చటి పొరగా పరుచుకుని నిలుస్తాయి. జిడ్డు ఉన్న చోట పొర తెగి, తామరాకు మీద బొట్ల లాగా విడిపోతాయి. ఆ చోటు చేతి వేలి ముద్ర అంత చిన్నదైనా మళ్లీ కడుగుతాను. ఆ తర్వాత యాసిడ్ ఎచ్ (రేకును యాసిడ్‌తో కాస్త గరుకు చేయడం), కన్వర్షన్ కోటింగ్ (తుప్పును ఆపే రసాయన పొర), ఎపాక్సీ ప్రైమర్. ఈ మూడింటిలో ఒకటి మానేస్తే కొన్నేళ్లకు రంగు కింద దారాల్లాగా పాకే తుప్పు కనబడుతుంది.

రెండు భాగాల పాలీయురెథేన్ కొట్టేటప్పుడు, దానిలో ఐసోసైనేట్ ఉంటుందని మర్చిపోకండి. ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొద్ది వాసనకే ఉబ్బసం వస్తుంది. మామూలు బొగ్గు ఫిల్టర్ మాస్క్ చాలదు, బయటి గాలి పైపుతో అందించే మాస్క్ కావాలి. అది లేనివాళ్లు టాప్‌కోట్ పని మానుకుని, మిగతాదంతా సొంతంగా చేసుకోవచ్చు. విమానానికి ఎర్త్ వైరు తగిలించాలి, బ్యాటరీ తీసేయాలి, నేల తడపాలి. మొదట పై పొరలకు పట్టు ఇచ్చే పల్చటి కోటు, అది జిగురుగా అయ్యాక అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. రివెట్ వరసల దగ్గర చెయ్యి ఆగితే రంగు కారుతుంది.

చారలకు ముందు లేత రంగు, తర్వాత ముదురు రంగు. ఫైన్‌లైన్ టేప్ అంచును వేలితో గట్టిగా ఒత్తి, అడుగు రంగునే అంచు మీద పల్చగా ఒకసారి కొడితే చార రంగు కిందికి పాకదు. చార పూర్తిగా గట్టిపడకముందే టేప్‌ని దాని మీదికే వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. ఆలస్యమైతే అంచు పెచ్చులుగా లేస్తుంది.

చివర్లో నేను ఒక్కడినే టార్చ్ పట్టుకుని తిరుగుతాను. స్టాటిక్ పోర్ట్‌లు, పిటో (ఎత్తు, వేగం చూపడానికి గాలి ఒత్తిడిని తీసుకునే కన్నాలు, గొట్టం), ఇంధన వెంట్‌లు (ట్యాంకులోకి గాలి వెళ్లే కన్నాలు), రెక్కల అడుగున నీళ్లు పోయే కన్నాలు, ఒక్కొక్కటీ తెరిచి ఉందా అని చూస్తాను. 1996లో పెరూలో ఒక బోయింగ్ 757ని కడిగాక స్టాటిక్ పోర్ట్‌ల మీద టేప్ తీయడం మర్చిపోయారు. ఎత్తు, వేగం తప్పుగా చూపించి రాత్రిపూట సముద్రంలో కూలిపోయింది, 70 మంది పోయారు. నేను అక్కడ మామూలు లేత టేప్ వాడను, ఎర్రటిది వేసి దానికి పొడుగు రిబ్బన్ కడతాను.

తర్వాత విమానాన్ని తూచి, కొత్త బరువు, సెంటర్ ఆఫ్ గ్రావిటీ (బరువు సమతూకంగా నిలిచే బిందువు) కాగితాల్లో రాయించండి. ఇంధనం రకం, 'ఇక్కడ కాలు పెట్టవద్దు' లాంటి ప్లేకార్డులన్నీ తిరిగి అతికించాలి. డేటా ప్లేట్ (మోడల్, సీరియల్ నంబరు ఉండే రేకు) మీద రంగు ఉండకూడదు. మొదటి కొన్ని వారాలు వ్యాక్స్ పెట్టకండి, చల్లటి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ప్రతి రంగు కోడ్, బ్యాచ్ నంబరు లాగ్‌బుక్‌లో రాసి, కలపని రంగు ఒక చిన్న డబ్బాలో గట్టిగా మూత పెట్టి దాచుకోండి.