‘ముంగట’ అంటే ఏ పక్క? స్థానం చెప్పే ఇంగ్లీషు మాటలు

‘వేయిస్తంభాల గుడి ముంగట’ అంటే చాలు, గుడి పక్కనున్నా రోడ్డు అవతలున్నా హనుమకొండ ఆటో అన్న వెతుక్కుంటూ వస్తాడు. అదే అలవాటుతో విదేశంలో క్యాబ్ డ్రైవరుకు ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’ అని చెబితే, ఆ భవనం గుమ్మం ముందే నిలబడ్డారనుకుంటాడు. రోడ్డుకు అవతల ఉంటే బ్రిటన్‌లో ‘ఆపోజిట్’, అమెరికాలో ‘అక్రాస్ ద స్ట్రీట్ ఫ్రమ్’ అనాలి.

అంతస్తుల లెక్క ఇంకా చిక్కు. బ్రిటన్‌లో మనలాగే నేల మీదిది గ్రౌండ్ ఫ్లోర్, ఒకసారి మెట్లెక్కితే ఫస్ట్. అమెరికాలో ఎక్కువచోట్ల నేల మీదిదే ఫస్ట్ ఫ్లోర్. అంటే అక్కడి ‘థర్డ్ ఫ్లోర్’ ఫ్లాట్ మన రెండో అంతస్తు. లిఫ్ట్ లేని ఇల్లు అద్దెకు చూస్తుంటే అంతస్తు నంబరుతో సరిపెట్టుకోకండి, ‘హౌ మెనీ ఫ్లైట్స్ ఆఫ్ స్టెయిర్స్?’ అని అడగండి. 23 కిలోల పెట్టెలు మోసేది మీరే.

మన ‘లో’ ఒక్కటే అన్నిచోట్లా సరిపోతుంది, ఇంగ్లీషులో సరిపోదు. కారులో అయితే ‘ఇన్’, బస్సులో, రైల్లో, విమానంలో అయితే ‘ఆన్’. లేచి నడవగలిగిన బండికి ‘ఆన్’ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు తప్పు పోదు. గది మూలకు ‘ఇన్ ద కార్నర్’, వీధి మలుపుకు ‘ఆన్’ లేదా ‘ఎట్ ద కార్నర్’. ‘హౌస్ ఆన్ ద లేక్’ అంటే నీళ్ల మీద తేలే ఇల్లనుకోవద్దు. మన భద్రకాళి చెరువు లాంటి చెరువు ఒడ్డున ఉన్న ఇల్లు, అంతే.

ఇలాంటివి తప్పినా అర్థం చేసుకుంటారు. నవ్వులపాలు చేసేది మాత్రం ‘బ్యాక్‌సైడ్’. పార్సిల్ ఇంటి ఎనుక పెట్టమనడానికి ఆ మాట వాడితే వినేవాళ్లకు పిరుదులు గుర్తొస్తాయి. ‘బిహైండ్ ద హౌస్’ అనండి.

డాక్టరు దగ్గర నడుము నొప్పి ‘లోయర్ బ్యాక్ పెయిన్’. ‘హిప్’ అంటే తుంటి కాబట్టి పరీక్ష అటు మళ్లుతుంది. కుడి ఎడమలు మీ ఒంటివే చెప్పాలి, డాక్టరు ఎదురుగా కూర్చున్నా సరే. మాట తోచకపోతే వేలుపెట్టి చూపిస్తూ ‘రైట్ హియర్’ అనండి. ఇక్కడ ‘రైట్’ అంటే కుడి కాదు, సరిగ్గా ఇక్కడే అని.

అత్యవసరమైతే అమెరికాలో 911, బ్రిటన్‌లో 999. గుడి, పెట్రోల్ బంకు గుర్తులతో మొదలుపెట్టొద్దు. ముందు ఊరు, తర్వాత ఇంటి నంబరు, వీధి, ఆపైన అంతస్తు, ఫ్లాట్ నంబరు. నంబరు తెలియని చోట ఉంటే దగ్గర్లో కలిసే రెండు వీధుల పేర్లు బోర్డు చూసి చదవండి. ఫోన్ లొకేషన్ వీధిని చూపినా అంతస్తును పట్టకపోవచ్చు. అందుకే లిఫ్ట్ దిగాక ఎటు తిరగాలో, ఎన్నో తలుపో కూడా చెప్పండి: ‘టర్న్ లెఫ్ట్, సెకండ్ డోర్ ఆన్ ద రైట్’.